వినోద మల్లయుద్ధమున కథారచయిత యశాపయశములు : ఒక పరిశీలనము

దృశ్యకావ్యము రక్తికట్టినప్పుడు ఆ యశము కవిదా, నటునిదా యను విచారణ మన విమర్శకులకు క్రొత్తది కాదు. తిరుపతి వేంకటకవుల ఉద్యోగనాటకములు ఆంధ్రదేశమున ఊరూర ఆడబడిన దినములలో ప్రేక్షకులు కవుల పేరు తలచినదానికంటె శ్రీకృష్ణ పాత్రధారి పేరు తలచినదే యెక్కువ. పద్యము కవులది, రాగము నటునిది. సభ 'వన్స్ మోర్' అని కేకవేసినప్పుడు ఆ కేక దేనికి చెందినదో వేసినవారికైనను తెలియదు. అయినను లోకమున ఒక రీతి స్థిరపడినది. ప్రదర్శనము మెప్పు పొందినచో నటుని పొగడుదురు. చెడినచో కథను తెగడుదురు. ఈ రీతి న్యాయమైనదేనా యను ప్రశ్నను పరీక్షించుటకు నేటి కాలమున మిక్కిలి అనువైన నిదర్శనమొకటి కలదు. అది టెలివిజను మూలమున ఇంటింటికి వచ్చిన వృత్తి మల్లయుద్ధము, అనగా జయాపజయములు ముందుగనే నిర్ణయింపబడిన కుస్తీ ప్రదర్శనము.

కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలమందలి గోలేటి సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రస్థానము. ఇచ్చటి కార్మికుల క్వార్టర్లలో ఈ ప్రదర్శనములను గూర్చి జరుగు వాదములను మేము పలుమారులు వింటిమి. తమకు ఇష్టుడైన వీరుని కావలెనని ఓడించినారని పిల్లలు వగతురు. మొదటి షిఫ్టు ముగించుకొని బాయి నుండి వచ్చిన తండ్రి "అదంత ముందే రాసిపెట్టిన ఆట బిడ్డా, దానికేం ఏడుస్తవు" అనును. సామాన్యముగ తోచు ఈ రెండు మాటలలో రెండు సిద్ధాంతములున్నవి. పిల్లవాని మాటలో దోషమంతయు వ్రాసినవానిదే. తండ్రి మాటలో, వ్రాసినది కావుననే దానియందు ఎవరికిని యశము లేదు, దోషమును లేదు. ఈ రెండును అసంపూర్ణములని నిరూపించి, కథారచయితకు చెందవలసిన భాగమెంతయో నిర్ణయించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. మన రంగస్థలమున మల్లయుద్ధము

నిర్ణీతఫలమైన ద్వంద్వయుద్ధమును చూచి ఆనందించుట మనకు పరదేశములనుండి వచ్చిన అలవాటు కాదు. లభించిన తెలుగు యక్షగానములలో తొలిదిగా పండితులు పరిగణించుచున్న కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయమునకు వస్తువు వాలిసుగ్రీవుల పోరు. ఇది 16వ శతాబ్దమునకు చెందిన రచన. 1885వ సంవత్సరమున కడప మండలమందలి సురభి గ్రామమున ఆడబడి, సురభి నాటకసమాజములకు ఆదిగా నిలిచిన ప్రదర్శనము కీచకవధ. విరాటపర్వకథలో వలలుని వేషమున నున్న భీముడు జీమూతుడను మల్లుని రాజసభలో కూల్చుట మరియొక ఘట్టము. దేశిరూపకమునకును, వృత్తినాటకసమాజమునకును మొదట నిలిచినవి బాహుయుద్ధకథలే యగుట యోచింపదగిన విషయము. గోలేటి పరిసరములందలి కొలాములు భీముని దైవముగా కొలుతురు. మల్లుడు దేవుడైన చోట మల్లయుద్ధము ఉత్సవమగుటలో వింత లేదు.

ఈ కథలలో ఫలము ఎవరికి తెలియదు? వాలి పడునని, కీచకుడు చచ్చునని ఎరుగని ప్రేక్షకుడు లేడు. అయినను వారు తెల్లవారువరకు కూర్చుండిరి. కావున ఫలము ముందుగా నిర్ణయింపబడినది గనుక రసము లేదను వాదము మన అనుభవమునకే విరుద్ధము. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. ఈ కథలలో ఫలనిర్ణయము కవిది కాదు, అది ఇతిహాసముది. సుగ్రీవుడు మొదట ఓడి పారిపోవుట, వాలిసుగ్రీవులు ఏకరూపులగుటచే రాముడు బాణము విడువలేకపోవుట, మెడలో మాలతో సుగ్రీవుడు మరల పోరునకు వచ్చుట, చాటుననుండి వచ్చిన బాణముచే వాలి కూలుట, ఆపై ధర్మాధర్మవాదము: ఇవి యన్నియు వాల్మీకమునందే కలవు. రుద్రకవికి మనమిచ్చు గౌరవము ఎవరు గెలిచిరను దానికి కాదు. గెలుపునకు పోవు దారిని రగడలలోను, దరువులలోను నడపిన విధమునకు. కావున మన విచారణమున మొదటి విభాగము ఇది: ఫలమొకటి, ఫలమునకు పోవు మార్గమొకటి. వీనిని వేరుచేయక యశమును గాని నిందను గాని పంచుట కుదరదు.

వాలివధ కథ మరియొక విషయమును గూడ తెలుపుచున్నది. నేటి వినోద మల్లయుద్ధమున మూడవవాడు చాటుగ ప్రవేశించి ఫలమును మార్చుట నిత్యకృత్యము. దీనిని రచయితల చేతకానితనమని నిందించువారు పెక్కండ్రు. అదే ఉపాయము మన తొలి యక్షగానమున మహాప్రశ్నకు ఆధారమయ్యెను. కారణమేమన, ఆ బాణము తరువాత వాలి ప్రశ్నించెను. రాముడు బదులు చెప్పవలసి వచ్చెను. మూడవవాని ప్రవేశము దోషము కాదు. ఆ ప్రవేశమునకు ఫలితమును అనుభవింపజేయకపోవుట దోషము.

2. కుస్తీ రచనగా మారిన విధము

వృత్తి మల్లయుద్ధము మొదటినుండియు కల్పితము కాదు. 1910 సెప్టెంబరు 10వ తేదీన లండనులో గామా పహిల్వానునకును, పోలండుదేశపు జిబిస్కోకును జరిగిన పోరు నిజమైన పోరు. జిబిస్కో నేలను అంటిపెట్టుకొని పరుండగా, గామా అతనిని తిరుగవేయలేక, రెండున్నర గంటలకు పైగా గడచినను ఫలము తేలకపోయెను. వారము దినములకు మరల పోటీ ఏర్పరుపగా జిబిస్కో రాలేదు. గామాయే విజేతయని ప్రకటించిరి. మల్లవిద్యను ఎరిగినవారికి ఆ రెండున్నర గంటలు పాఠము; టిక్కెట్టు కొన్న సామాన్యునకు విసుగు. నిజమైన మల్లయుద్ధము ప్రేక్షకుని కొరకు ముగియదు. తనకు ముగియవలసినప్పుడు ముగియును. లేక ముగియనే ముగియదు.

1920 ప్రాంతమున అమెరికాలో ఎడ్ లూయిస్ అను మల్లుడును, అతని నిర్వాహకుడు బిల్లీ శాండోయు, టూట్స్ మాంట్ అను మరియొక మల్లుడును కలిసి ఈ చిక్కును విడదీయ యత్నించిరి. వేగముగల పట్లు, కాలపరిమితి, ముందుగ నిర్ణయించిన ముగింపు, ఒకే బృందముతో ఊరూర తిరుగు ప్రదర్శనములు వీరి పద్ధతి. అనగా కుస్తీయందు రచన ప్రవేశించినది మోసము కొరకు మాత్రమే కాదు, ప్రదర్శనమునకు ఆకారము కల్పించుటకును. ఫలమును ముందుగ నిర్ణయించు అధికారికి 'బుకరు' అని పేరు వచ్చెను. ఈ రహస్యమును బయటివారికి పొక్కనీయని కట్టుబాటునకు 'కేఫేబు' అని పేరు. 1989లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సంస్థవారు, క్రీడాసంఘముల నియమములనుండియు పన్నులనుండియు మినహాయింపు కోరి, తమది పోటీ కాదని, వినోదమని న్యూజెర్సీ రాష్ట్ర సెనేటు ఎదుట ఒప్పుకొనిరి. ఈ సంస్థయే 2002లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అయ్యెను.

రహస్యము వెల్లడియైన తరువాత ప్రేక్షకులు తగ్గిపోలేదు. ఇట్లు జరుగునని ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1957లో వెలువడిన తన వ్యాససంపుటమున ఒకవిధముగ ముందే సూచించియుండెను. కుస్తీ క్రీడ కాదు, దృశ్యము. ప్రేక్షకుడు కోరునది ఫలముయొక్క సత్యము కాదు, వేదన, పరాజయము, న్యాయము అనువాని స్పష్టమైన రూపము అని అతని భావము. రహస్యము పోవుటవలన వచ్చిన మార్పు వేరు. పూర్వము ప్రేక్షకుడు మల్లుని నిందించెడివాడు. ఇప్పుడు రచయితను నిందించుచున్నాడు. కేఫేబు తొలగినకొలది తెరవెనుక నున్నవాడు తెరముందరకు వచ్చెను. ఇది తోలుబొమ్మలాటయందు బొమ్మను వదలి ఆడించువాని చేతులను చూచుట వంటిది.

3. ఎవరు ఏమి చేయుదురు?

దోషవిభజనమునకు ముందు కార్యవిభజనము తెలియవలెను. నేటి పెద్ద సంస్థలలో రచయితల బృందము వారమువారము కథను ప్రతిపాదించును. దానిని ఆమోదించువాడు, తిరుగవ్రాయించువాడు, చివరి నిమిషమున మార్చువాడు సంస్థాధిపతి లేక అతడు నియమించిన అధికారి. పోరును ఎట్లు నడపవలెనో మల్లులతో కూర్చుండి సమకూర్చువాడు వేరొక అధికారి. ఇతడు తరచుగ పూర్వము మల్లుడైయుండును. బరిలో పట్లను అప్పటికప్పుడు ఒకరికొకరు రహస్యముగ చెప్పుకొనువారు మల్లులు. మిగిలిన కాలమును, వెలుపలి ఆజ్ఞలను వారికి అందజేయువాడు రిఫరీ. ఇక కేకలచే, మౌనముచే, టిక్కెట్టు కొనకపోవుటచే తీర్పు చెప్పువాడు ప్రేక్షకుడు. ఇందరిలో 'వ్రాసినవాడు' ఎవడు?

భరతుడు నాట్యశాస్త్రమున ప్రదర్శనసిద్ధిని గూర్చి వేరుగ ఒక అధ్యాయము రచించెను. సిద్ధి దైవిక, మానుషి యని రెండు విధములు. సిద్ధిని చెరచు ఘాతములను అతడు కారణమును బట్టి విభజించెను. దైవమువలన వచ్చునవి కొన్ని; నటునివలననే వచ్చునవి కొన్ని; ఇతరులవలన, శత్రువులవలన వచ్చునవి కొన్ని. పునరుక్తి, ఛందోదోషము మొదలగు కావ్యగత దోషములను వేరుగ పేర్కొనెను. తీర్పు చెప్పు ప్రాశ్నికులను గూడ ఒక్కనిగా గాక పదుగురినిగా నియమించెను. ఛందస్సునకు ఛందోవేత్త, శబ్దమునకు వైయాకరణుడు, నృత్తమునకు నర్తకుడు, ఆయుధప్రయోగమునకు అస్త్రవేత్త. ఎవడు ఏ విషయము నెరుగునో ఆ విషయముననే అతని మాట ప్రమాణము. ఈ పద్ధతిలోని వివేకము గమనింపదగినది. ప్రదర్శనము చెడెనని తెలిసినంతమాత్రమున కవి చెడెనని తేలదు.

1997 డిసెంబరు 28న డబ్ల్యు.సి.డబ్ల్యు. సంస్థవారి స్టార్‌కేడ్ ప్రదర్శనమున స్టింగు, హల్క్ హోగనుల పోరు దీనికి దృష్టాంతము. ఏడాదికి పైగా మౌనముగ నిలిచిన స్టింగు ప్రతీకారమునకు వచ్చుట కథ. రిఫరీ అన్యాయముగ త్వరత్వరగ లెక్కించి హోగనును గెలిపింపవలెను; అంతట బ్రెట్ హార్ట్ అడ్డుపడి పోరును మరల నడిపింపవలెను. కాని రిఫరీ లెక్క సాధారణవేగముననే సాగెను. అన్యాయము జరుగకయే న్యాయము కొరకు పోరాటము జరిగినట్లయ్యెను. కథ కాగితముమీద సరిగనే యున్నది, చెడినది చేతియందు. ఆ లెక్క ఎవరివలన అట్లయ్యెనను వాదము నేటికిని తెగలేదు. కాని ఆ దోషము వ్రాతది మాత్రము కాదు.

4. యశమునకు నాలుగు నిదర్శనములు

మొదటిది స్టీవ్ ఆస్టిన్ ఉదంతము. 1996 జూన్ 23న 'కింగ్ ఆఫ్ ది రింగ్' పోటీయందు ఇతడు గెలిచి, ఓడిన జేక్ రాబర్ట్స్‌ను ఎత్తిపొడుచుచు చేసిన ప్రసంగము అతనిని ఆ తరమునకు నాయకుని చేసెను. ఆ సంవత్సరము గెలువవలసినవాడు ట్రిపుల్ హెచ్. మే నెలలో న్యూయార్కున అతడును, అతని మిత్రులును పోరు ముగిసినపిమ్మట శత్రుమిత్రవేషములను మరచి బరిలో కౌగిలించుకొని కట్టుబాటును మీరిరి. దానికి శిక్షగా అతని గెలుపు తప్పినదని ఆ సంస్థలోనివారే తరువాత చెప్పియున్నారు. ఆస్టిన్ ప్రసంగములోని ముఖ్యవాక్యము ఏ రచయితయు వ్రాసియిచ్చినది కాదు, అప్పటికప్పుడు పుట్టినది. ఇందు ఫలము ఒక శిక్షవలన, వాక్కు నటుని ప్రతిభవలన కలిగెను. రచయితలకు యశము లేదా? కలదు. ఆ క్షణము దొరికిన తరువాత దానిని విడువక, సంస్థాధిపతియగు విన్స్ మెక్‌మాన్‌ను యజమానిగ, ఆస్టిన్‌ను లొంగని పనివానిగ నిలిపి, రెండు మూడేండ్లు కథ నడపుట వ్రాతలోని నేర్పు. యజమాని పెత్తనమును ఎదిరించు పనివాని కథ కార్మికవాడలలో ఎంత సులభముగ హృదయములకు ఎక్కునో గోలేటి పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది విన్స్ రూసో ఉదంతము. ఇది మన విచారణమునకు దాదాపు ప్రయోగశాలవంటిది. ఇతడు ఎడ్ ఫెరారాతో కలిసి 1990ల చివర డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కథలు వ్రాసెను. పోటీసంస్థయగు డబ్ల్యు.సి.డబ్ల్యు. సోమవారపు కార్యక్రమము 83 వారములు వరుసగ సాధించిన ఆధిక్యము 1998 ఏప్రిలులో తెగెను. యశము రూసోకు వచ్చెను. 1999 అక్టోబరున ఇతడు పోటీసంస్థలో చేరెను. 2000 ఏప్రిలున డేవిడ్ ఆర్కెట్ అను సినిమానటునికి, మల్లుడు కానివానికి, ప్రపంచ విజేత పట్టము కట్టిరి. 2001 మార్చిలో ఆ సంస్థ ప్రత్యర్థికే అమ్ముడుపోయెను. నింద రూసోకు వచ్చెను. మనిషి ఒక్కడే, లేఖిని ఒక్కటే, ఫలములు రెండు. భేదము ఎచ్చట? మొదటిచోట అతని వ్రాతను వడగట్టు అధిపతి యుండెను. రెండవచోట అట్టివాడు లేకపోయెను. మొదటిచోట ఆస్టిన్, రాక్ వంటి యువవీరులు ఉదయించుచుండిరి; రెండవచోట హోగన్ వంటి పెద్దనటునికి తన కథను త్రోసిపుచ్చు హక్కు ఒప్పందపత్రముననే యుండెను. పైగా అమ్మకమునకు ముందు ఆ సంస్థకు టెలివిజను వేళలను నిరాకరించినవారు మాతృసంస్థ అధికారులు. కావున ఉత్థానమున అతనికి అధికముగ యశము దక్కెను. పతనమున అధికముగ నింద దక్కెను. పట్టమును పరిహాసము చేయుట మాత్రము రచనాదోషమే. పరాభవము కలిగినను పట్టమునకు విలువ యున్నంతవరకు కథ బ్రతుకును. పట్టమే విలువలేనిదైనచో గెలుపునకు అర్థము లేదు.

మూడవది డేనియల్ బ్రయన్ ఉదంతము. 2014 జనవరి 26న పిట్స్‌బర్గులో జరిగిన రాయల్ రంబుల్‌లో బ్రయన్‌కు స్థానము లేదని తెలిసినంతనే ప్రేక్షకులు నిరసించిరి. అందరకు ప్రియుడైన రే మిస్టీరియో చివరివాడుగ వచ్చినను, అతడు బ్రయన్ కాడను ఒక్క కారణముచే అతనినికూడ గేలిచేసిరి. బాటిస్టా గెలిచెను, కాని ఆ గెలుపు నిలువలేదు. ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్సులో జరిగిన రెజిల్‌మేనియా 30లో కథ మార్చి బ్రయన్‌కు పట్టము కట్టవలసి వచ్చెను. ఇచ్చట కథను వ్రాసినది ప్రేక్షకుల గొంతుక. రచయితల యశము వినుటలో నున్నది. దోషము ఆలస్యముగ వినుటలో నున్నది. మన ఊళ్లలో భాగవతము చెప్పువాడు సభ తూగుచున్నదని గ్రహించి ప్రక్కకథను అందుకొనుటయు, తోలుబొమ్మలాటలో కేతిగాడు సందు చూచి దూరుటయు ఇట్టి వినికిడి ఫలములే. భేదమేమన, మనవాడు వినినది ఆ రాత్రియే, మార్చినది ఆ రాత్రియే.

నాలుగవది మనకు సమీపమైనది. 2017 మే 21న, అంతవరకు తరచుగ ఓడిపోవు పాత్రలనే ధరించుచుండిన జిందర్ మహల్, పంజాబీకుటుంబమున కెనడాలో జన్మించినవాడు, ర్యాండీ ఆర్టన్‌ను ఓడించి ప్రధాన విజేత యయ్యెను. భారతదేశపు విపణిని ఉద్దేశించియే ఈ నిర్ణయము జరిగినదని నాడు పలువురు వ్యాఖ్యానించిరి. నవంబరు 7న ఆ పట్టము పోయెను. డిసెంబరున ఢిల్లీలో జరిగిన ప్రదర్శనమునను అతడు ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడెను. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియమున జరిగిన ప్రదర్శనమున జాన్ సీనా భారతభూమిమీద మొదటిసారి బరిలో దిగి సేథ్ రోలిన్సుతో కూడి గెలిచెను. హర్యానావాడైన శాంకీ మాత్రము గుంథర్ చేతిలో ఓడెను. గోలేటి బాలుని వగపు ఇట్టి చోటులదే. ఇందు రచయితకు ఎంత స్వాతంత్ర్యమున్నది? గుంథర్ పట్టము అమెరికాలో నడచుచున్న దీర్ఘకథకు ముడిపడినది. హైదరాబాదు ఆ కథలో ఒక రాత్రి మజిలీ. ఒక ఊరి వీరుని ఆ ఊర ఓడించుట కథాధర్మమునకు అవసరమైనచో రచన. తిరుగుప్రయాణపు సౌకర్యమునకు అవసరమైనచో వ్యాపారము. రెండవదానికి రచయితను నిందించుట బాణమును విడచి వింటినారిని నిందించుట వంటిది.

5. నిర్వహణసంధి లేని కథ

ఇతివృత్తము నాట్యమునకు శరీరమని భరతుని మతము. ఆ శరీరమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అని ఐదు సంధులు. వినోద మల్లయుద్ధపు రచయితకు మొదటి నాలుగును కలవు. ఐదవది మాత్రము దొరకదు. వారమువారము ప్రసారము కావలసిన కథకు ముగింపు లేదు. నేడు పడిన వాలి వచ్చు సోమవారము లేచి రావలెను. కీచకుడు చచ్చినచో మరునాటి ప్రదర్శనమునకు కీచకుడు ఎవడు? కావున ప్రతివైరమును సగము తీర్చి సగము మిగుల్చుట ఈ ప్రక్రియయొక్క నైజము. 'కథ ఎప్పటికిని తేలదు' అని విమర్శకులు రచయితలపై మోపు నేరము చాలవరకు ప్రక్రియ నేరమే. ఆ కట్టుబాటులోనే ఉండి, పెద్ద ఉత్సవరాత్రులందైనను ఒక వైరమునకు నిజమైన నిర్వహణము కల్పింపగలిగినవాడు సమర్థుడు. ఏనాడును కల్పింపనివాడు అసమర్థుడు. రచయితను కొలుచుటకు ఇది మంచి కొలబద్ద.

6. శరీరముపై వ్రాయబడు కథ

ఇంతవరకు మేము విచారించినది రసమునకు సంబంధించిన యశాపయశములు. ఇంతకంటె గురుతరమైన బాధ్యత ఒకటి కలదు. కవి తప్పువ్రాసినచో పద్యము కుంటుపడును. ఈ ప్రక్రియలో తప్పువ్రాసినచో మనిషి మెడ విరుగును. ఫలము కల్పితమైనను పడుట కల్పితము కాదు. బరువు కల్పితము కాదు. నేల కల్పితము కాదు. 1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అను మల్లుడు, హాస్యవీరుని వేషమున, రంగశాల పైకప్పునుండి త్రాటితో దిగుచు పాత్రప్రవేశము చేయవలసియుండెను. కట్టు ఊడి, డెబ్బది అడుగులకు పైబడిన ఎత్తునుండి పడి మరణించెను. ఆ రాత్రి ప్రదర్శనము ఆగలేదు. అతని కుటుంబము న్యాయస్థానమునకు పోగా, 2000లో సంస్థ సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లిచ్చి రాజీపడెను. ఆ ప్రవేశము కథకు అవసరమా? హాస్యపాత్ర నడచి వచ్చినను హాస్యమే. రంగమున శస్త్రప్రయోగము సంజ్ఞామాత్రముగ నుండవలెనని, ఛేదనము గాని రక్తస్రావము గాని ఉండరాదని నాట్యశాస్త్రము ఏల శాసించెనో ఇట్టి ఘట్టములను చూచినప్పుడు బోధపడును. యుద్ధమును అంకమున ప్రత్యక్షముగ చూపరాదన్న నియమమును మన దేశిరూపకములు పాటింపలేదు. ఈ నియమమును మాత్రము పాటించినవి. కీచకుడు వేయిసార్లు చచ్చినను కీచకవేషధారి ఇంటికి పోయెను.

ఇట్టి బాధ్యతను పంచుటకు గనికార్మికుల ఊరు మనకొక న్యాయమును నేర్పగలదు. 1952 నాటి గనుల చట్టమును, దానిననుసరించిన బొగ్గుగనుల నియమావళియు బాధ్యతను ఒక్కనిమీద కుప్పవేయలేదు. మేనేజరు, అండర్ మేనేజరు, ఓవర్‌మన్, సర్దార్ అని మెట్టుమెట్టునకు కర్తవ్యము విధించినవి. పై కప్పు వదులుగ నున్నదని గాని, వాయువు చేరినదని గాని కనుగొన్న సర్దారు ఆ చోటునుండి మనుషులను వెలికి తీయవలెను. పై అధికారి ఉత్పత్తి కోరెనను మాట అతనికి సమాధానము కాదు. ఇందలి సూత్రము: ఆజ్ఞాపించు శక్తి ఎంతయో బాధ్యత అంత, ఆపగలిగిన శక్తి ఎంతయో బాధ్యత అంత. బల్లముందు కూర్చుండి ప్రమాదమును ఊహించినవాడు, దానిని ఆమోదించినవాడు, పరికరమును ఎన్నుకొన్నవాడు, వలదని చెప్పగలిగియు చెప్పనివాడు, వీరందరును తమతమ మెట్టున బాధ్యులు. అన్నిటికంటె తక్కువ బాధ్యత, అన్నిటికంటె ఎక్కువ నష్టము ఎవరిదో బొగ్గుపొరలో నెరుగుదుము, బరిలోను అతడే.

7. ఫలితార్థములు

ఈ విచారణమువలన తేలిన అంశములను సంగ్రహించుచున్నాము.

ఒకటి: ఎవరు గెలిచిరను ఫలము తరచుగ అధిపతుల, విపణియొక్క, ఒప్పందపత్రముల నిర్ణయము. కేవలము ఫలమును బట్టి రచయితను పొగడుటయు తెగడుటయు తగదు.

రెండు: గెలుపునకు పోవు మార్గము, పాత్రలయొక్క కారణశుద్ధి, పట్టమువంటి గుర్తుల విలువను కాపాడుట, చేసిన పనికి ఫలితము అనుభవింపజేయుట, ఇవి రచయితవి. ఇందు యశము గాని నింద గాని సంపూర్ణముగ అతనికే చెందును.

మూడు: వాక్కు, చూపు, కాలజ్ఞత, దెబ్బతినియు తినినట్లు నమ్మించు విద్య నటునివి. గొప్ప నటుడు చెడ్డ వ్రాతను కొంతకాలము మోయగలడు; మంచి వ్రాత చెడ్డ నటుని మోయలేదు. అందుచేతనే లోకము మెప్పును నటునికి ముందుగ ఇచ్చును. ఈ ప్రక్రియలో ఆ పక్షపాతము కొంతవరకు న్యాయమే. ఏలయన దేహమును పణముగ పెట్టినవాడు అతడు.

నాలుగు: దేహమునకు వచ్చు ముప్పు విషయమున రచయిత 'నేను వ్రాసితిని, చేసినది వేరొకరు' అని తప్పుకొనరాదు. రసవిషయమున అతని పాలు స్వల్పమైన చోటకూడ ఈ విషయమున అతని పాలు స్వల్పము కాదు.

గోలేటి తండ్రి అన్నట్లు అది ముందే వ్రాసిన ఆటయే. కాని వ్రాసినదగుటచేతనే దానికి కర్త కలడు. కర్త కలడు గావుననే ప్రశ్న కలదు. వాలి ప్రశ్నకు రాముడంతటివాడు నిలిచి బదులు చెప్పవలసి వచ్చినప్పుడు, ఒక ప్రేక్షకబాలుని ప్రశ్నకు బదులు చెప్పుట ఏ రచయితకును చిన్నతనము కాదు. మన విశ్వవిద్యాలయములలో యక్షగానమును, వీధినాటకమును, సురభి నాటకములను పరిశోధించు విద్యార్థులు కవి, నట, ప్రయోక్త, ప్రేక్షకుల పాళ్లను ఈ రీతిగ విడదీసి పరిశీలించినచో, ముద్రితగ్రంథమును మాత్రమే చూచి ప్రదర్శనమును తీర్పు చెప్పు అలవాటు మనలో కొంత తగ్గునని మా విశ్వాసము.